స్మోకీ కొండల్లో కేబిన్ ట్రిప్: బుకింగ్ నుంచి ఎలుగుబంట్ల దాకా

అట్లాంటా, షార్లెట్, నాష్‌విల్: ఎక్కడి నుంచి బయలుదేరినా గ్రేట్ స్మోకీ కొండలకి నాలుగు గంటలు అటూ ఇటూ ప్రయాణం. అందుకే లాంగ్ వీకెండ్ వచ్చిందంటే ఈ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు నాలుగైదు కలిసి అక్కడ ఓ కేబిన్ తీసుకుంటాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినా మొదట గుర్తొచ్చేది అదే. బుక్ చేసేటప్పుడు అందరూ హాట్ టబ్, పూల్ టేబుల్, బాల్కనీలోంచి కనపడే కొండలు చూస్తారు. నేనైతే ముందు రెండు విషయాలు చూడమంటాను: కేబిన్‌కి ఎక్కే దారి, కేబిన్‌లో వంటగది. ఈ రెండూ సరిగ్గా కుదిరితే మిగతావన్నీ సర్దుకుంటాయి.

ముందు తేదీలు

ఈ కొండల్లోని గ్రేట్ స్మోకీ నేషనల్ పార్కు టెనెసీ, నార్త్ కరొలైనా రాష్ట్రాల సరిహద్దు మీద ఉంది. పార్కు అంచునున్న గాట్లిన్‌బర్గ్ ఊరు సుమారు 1,300 అడుగుల ఎత్తులో ఉంటే, పైనున్న కువోహి శిఖరం 6,643 అడుగులు. 2024 సెప్టెంబరు దాకా దాన్ని క్లింగ్‌మన్స్ డోమ్ అనేవారు. పాత మ్యాపుల్లో, పాత వీడియోల్లో ఇంకా ఆ పేరే కనిపిస్తుంది, కంగారు పడకండి. కింద ఊళ్ళో ఉన్న వేడికీ పైన శిఖరం మీద వేడికీ 10 నుంచి 20 డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా ఉంటుంది. జూలైలో అయినా పెద్దవాళ్ళకి ఒక స్వెటర్, చెవులకి ఒక మఫ్లర్ పెట్టుకోండి.

ఆకుల రంగుల కోసం వెళ్తుంటే ఈ ఎత్తు తేడాయే మీకు మేలు చేస్తుంది. పైన కొండ శిఖరాల దగ్గర సెప్టెంబరు చివర్లో, అక్టోబరు మొదట్లో రంగు మొదలై, నెమ్మదిగా కిందికి దిగుతూ నవంబరు మొదటి రోజుల దాకా సాగుతుంది. కాబట్టి 'పీక్ వీకెండ్' అని ఒక్కదానికే అందరూ ఎగబడక్కర్లేదు. మీకు దొరికిన వారంలో రంగు ఏ ఎత్తులో ఉందో చూసుకుని అక్కడికి వెళ్తే చాలు. అక్టోబరు శని, ఆదివారాల్లో మాత్రం రోడ్లు కారుకి కారు ఆనుకుని కదులుతాయి. పిల్లలకి ఫాల్ బ్రేక్ ఉంటే వారం మధ్యలో వెళ్ళండి, డబ్బూ మిగులుతుంది, ఓపికా మిగులుతుంది.

మే చివరి నుంచి జూన్ మధ్య దాకా పార్కులోని ఎల్క్‌మాంట్ దగ్గర మిణుగురులు వందలూ వేలూ ఒకేసారి వెలిగి, ఒకేసారి ఆరిపోతాయి. దాన్ని చూడటానికి వాహన పర్మిట్ కావాలి, అదీ లాటరీలో దొరుకుతుంది. దరఖాస్తు వారాల ముందే పెట్టాలి. లాటరీ తగిలాక కేబిన్ వెతకండి, లేదా డబ్బు వెనక్కి ఇచ్చే షరతుతో కేబిన్ తీసుకోండి.

ఏ వైపు ఉండాలి

పార్కు లోపల అద్దె కేబిన్లు లేవు. గుడారాలు వేసుకునే చోట్లు వదిలేస్తే లోపల ఉన్న ఒకే ఒక్క వసతి మౌంట్ లెకాంట్ మీది లాడ్జి. దాని సంగతి కింద చెప్తాను. అద్దె కేబిన్లన్నీ పార్కు అంచుల్లో ఉన్న ఊళ్ళలోనే.

పిల్లలకి రైడ్లు, షోలు, అర్ధరాత్రి ఐస్‌క్రీమ్ కావాలంటే పిజన్ ఫోర్జ్. నడిచి పార్కులోకి వెళ్ళేంత దగ్గర కావాలంటే గాట్లిన్‌బర్గ్. రెండింటి హడావిడీ వద్దు, చీకటి, నిశ్శబ్దం, తెల్లవారుజామున లోయలో పొగమంచు కావాలంటే వేర్స్ వ్యాలీ గానీ టౌన్‌సెండ్ గానీ. నేను ఎవరడిగినా టౌన్‌సెండ్ వైపే చెప్తాను, పార్కులోని కేడ్స్ కోవ్ లోయకి అది దగ్గర దారి కాబట్టి. నార్త్ కరొలైనా వైపు బ్రైసన్ సిటీ, మ్యాగీ వ్యాలీ ఉన్నాయి. అటువైపు ఒకోనాలఫ్టీ పచ్చిక మైదానంలో ఉదయం, సాయంత్రం పెద్ద పెద్ద కొమ్ముల ఎల్క్‌లు (జింక జాతివే, చాలా పెద్దవి) మేస్తుంటాయి. ఈ కొండల్లో పూర్తిగా మాయమైపోయిన ఎల్క్‌ని 2001లో మళ్ళీ తెచ్చి వదిలారు.

నాష్‌విల్ వాళ్ళకి ఒక మాట: గాట్లిన్‌బర్గ్ ఈస్టర్న్ టైమ్‌లో ఉంది. వెళ్ళేటప్పుడు ఒక గంట పోతుంది. షార్లెట్ వాళ్ళు ఐ-40 మీద వస్తారు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను వరదకి సరిహద్దు లోయలో ఆ రోడ్డు కోసుకుపోయింది, ఆ తర్వాత లేన్లు తగ్గించి నడిపారు. బయలుదేరే రోజు పొద్దున రోడ్డు పరిస్థితి చూసుకున్నాకే కారు తీయండి.

బుక్ చేసే ముందు అడగాల్సినవి

ఇక్కడ తొందరపడకండి. నచ్చిన కేబిన్ దొరికాక ఓనర్‌కి గానీ కంపెనీకి గానీ మెసేజ్ పెట్టి ఈ సంగతులు రాతపూర్వకంగా రాబట్టుకోండి.

మొదటిది దారి. 'మౌంటెన్ వ్యూ' ఎంత బాగుంటే దారి అంత నిటారుగా ఉంటుందని లెక్క వేసుకోండి. డ్రైవ్‌వే కంకరదా, సిమెంటుదా? ఏడుగురు ఎక్కిన మినీవాన్ ఎక్కగలదా? పైన ఎన్ని కార్లు పడతాయి, తిప్పుకోవడానికి చోటు ఉందా? చలికాలంలో ఫోర్-వీల్ డ్రైవ్ తప్పనిసరా? రివ్యూలు చదివేటప్పుడు 'స్టీప్', 'డ్రైవ్‌వే' అనే మాటలతో వెతకండి. ఫొటోలు దాచేది రివ్యూలు చెప్పేస్తాయి. మంచు పడి కారు పైకి ఎక్కలేకపోతే డబ్బు వెనక్కి ఇవ్వరన్న షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది, దాన్ని సంతకం పెట్టే ముందే చదవండి.

రెండోది మెట్లు. కొండ వాలు మీద కట్టిన ఇళ్ళు కాబట్టి చాలా కేబిన్లు మూడంతస్తులు. వంటగది మధ్యలో, పడకగదులు పైనా కిందా, లాఫ్ట్‌కి ఒక్కోసారి చుట్టు మెట్లు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలకి, వంటగది ఉన్న అంతస్తులోనే ఒక పడకగది, బాత్రూమ్ ఉండాలి. కారు దిగిన చోటి నుంచి గుమ్మం దాకా ఎన్ని మెట్లో కూడా అడగండి. పాకే పిల్లలుంటే బాల్కనీ కమ్మీల మధ్య సందు, హాట్ టబ్ మూతకి తాళం ఉందో లేదో తెలుసుకోండి.

మూడోది తలల లెక్క. '12 మంది పడుకోవచ్చు' అంటే అందులో సోఫా బెడ్లూ, గేమ్ రూమ్‌లో బంక్ బెడ్లూ కలిసే ఉంటాయి. నాలుగు జంటలకి తలుపు వేసుకునే గదులు నాలుగు కావాలంటే గదులు లెక్కపెట్టుకోండి. పిల్లల్ని కూడా కలిపి అసలు సంఖ్యే చెప్పండి. మంది ఎక్కువైతే ఖాళీ చేయించే హక్కు వాళ్ళకి ఉంటుంది.

ఇక వంటగది: పొయ్యి గ్యాసా, కరెంటా? చిమ్నీ పొగని బయటికి పంపుతుందా, తిప్పి గదిలోకే వదులుతుందా? చాలా చోట్ల మైక్రోవేవ్ కిందున్న ఫ్యాన్ గదిలోకే వదులుతుంది. ఈ ప్రశ్న ఎందుకో ఇప్పుడు చూద్దాం.

వంట, సామాను

చెక్క ఇల్లు కాబట్టి పొగ అలారాలు గది గదికీ ఉంటాయి, ఉండాలి కూడా. ఎండుమిరపకాయలు, ఆవాలు వేసి మన పద్ధతిలో తిరగమోత పెట్టారంటే అర నిమిషంలో ఇల్లంతా మోగిపోతుంది. అలారం బ్యాటరీ తీసెయ్యడం మాత్రం ఎప్పుడూ చెయ్యకండి. 2016 నవంబరులో పార్కులో మొదలైన మంట పెనుగాలికి ఒక్క రాత్రిలో గాట్లిన్‌బర్గ్‌లోకి దిగింది. 14 మంది చనిపోయారు, రెండు వేలకు పైగా కట్టడాలు కాలిపోవడమో దెబ్బతినడమో జరిగింది. ఆ ఊళ్ళో చెక్క కేబిన్‌లో పడుకునే ప్రతి రాత్రీ అలారం పనిచేస్తూ ఉండాల్సిందే.

అలారం మోగకుండా ఉండటానికి సుళువైన ఉపాయం ఇంట్లోనే తాళింపులు ముగించుకోవడం. పులిహోర పోపు, చింతపండు గుజ్జు కలిపి సీసాలో పెట్టేసుకుంటే అక్కడ అన్నం వండి కలపడమే. పప్పుకి, చారుకి పోపు చిన్న డబ్బాలో వేరుగా తీసుకెళ్ళండి, ఉడికాక పైన వేస్తే ఘుమఘుమలు ఎక్కడికీ పోవు. కూరలు రెండు రోజులకి చేసి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి కూలర్‌లో పెడితే అవే ఐసులా పనిచేస్తాయి. రైస్ కుక్కర్, ప్రెషర్ కుక్కర్, ఒక మంచి కత్తి, టీ వడకట్టే జల్లెడ, గరిటెలు పట్టుకెళ్ళండి. అక్కడి వంటగదిలో వైన్ గ్లాసులు డజను ఉంటాయి, పప్పు గుత్తి ఉండదు. పాలు, పెరుగు, కూరగాయలు సెవియర్‌విల్, పిజన్ ఫోర్జ్‌లలో దొరుకుతాయి. కరివేపాకు, పచ్చిమిర్చి, ఇంగువ మీ ఊళ్ళోనే కొనేసుకోండి.

సింకులో అన్నం మెతుకులు, నూనె పొయ్యకండి. కొండ మీది కేబిన్లకి చాలావాటికి సెప్టిక్ ట్యాంకే. నాలుగు కుటుంబాల గిన్నెల జిడ్డు అంతా అందులోకి పోతే ఆదివారానికి బాత్రూములు పొంగుతాయి. గిన్నెల్ని ముందు పేపర్ టవల్‌తో తుడిచి, అప్పుడు కడగండి. తెల్ల తువ్వాళ్ళకి పసుపు అంటితే డిపాజిట్ నుంచి కోస్తారు. చేతులు తుడుచుకోవడానికి ఇంట్లోంచి పాత తువ్వాళ్ళు నాలుగు పడేసుకోండి.

క్యాంప్‌ఫైర్‌కి కట్టెలు మీ పెరట్లోంచి తీసుకెళ్ళకండి. చెట్లని చంపే పురుగులు కట్టెల్లోనే ప్రయాణం చేస్తాయి. పార్కులోకైతే వేడిచేసి ధ్రువీకరించిన కట్టెలు తప్ప బయటివి తేవడం నిషేధం. కేబిన్ దగ్గర వాడుకోవడానికి కూడా అక్కడి దుకాణాల్లో ముద్ర ఉన్న కట్టే కొనండి.

ఎలుగుబంట్లు

పార్కులో సుమారు 1,900 నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి. చదరపు మైలుకి రెండు చొప్పున అన్నమాట. అవి పార్కు హద్దు దగ్గర ఆగవు. కేబిన్ మెట్ల మీదికి, కారు దగ్గరికి, చెత్త డబ్బా దగ్గరికి వస్తాయి. మన వంటల వాసన వాటికి చాలా దూరం నుంచే తెలుస్తుంది. మనిషి తిండికి అలవాటు పడ్డ ఎలుగుబంటిని చివరికి చంపాల్సి వస్తుంది. అందుకే దీన్ని మన భద్రత ఒక్కటే అనుకోకుండా, ఆ జంతువు ప్రాణం కూడా అనుకుని చేయమని నా మనవి.

కారులో చిప్స్ ప్యాకెట్, బేబీ సీటు కింద పడ్డ బిస్కెట్ ముక్క, చూయింగ్ గమ్, వాసన వచ్చే లోషన్ కూడా వదలకండి. కారు తలుపులకి తాళం వేయండి. ఎలుగుబంటి పిడిని పంజాతో లాగి తలుపు తీసేయగలదు, లోపలికెళ్ళాక తలుపు మూసుకుపోతే బయటికి రాలేక సీట్లన్నీ చీల్చేస్తుంది. కేబిన్ తలుపులకీ అంతే: పిడి కిందికి నొక్కితే తెరుచుకునే రకమైతే లోపల ఉన్నప్పుడు కూడా గడియ పెట్టుకోండి. వంటింటి కిటికీ తెరిచి నిద్రపోకండి.

చెత్తని రాత్రి బాల్కనీలో పెట్టొద్దు. గొళ్ళెం ఉన్న డబ్బాలోనే వేసి, గొళ్ళెం పడిందో లేదో చేత్తో లాగి చూడండి. చికెన్ మారినేట్ చేసిన గిన్నె, గ్రిల్ కింద జిడ్డు పళ్ళెం, ఈ రెండింటినీ జనం మర్చిపోతారు. గ్రిల్ మీద వంట అయ్యాక జిడ్డంతా కాల్చేసి, తుడిచి, పళ్ళేన్ని లోపలికి తెచ్చుకోండి.

ఎదురుపడితే పరిగెత్తకండి. పిల్లల్ని దగ్గరికి లాక్కుని, దాని మీంచి చూపు తిప్పకుండా, నెమ్మదిగా వెనక్కి నడవండి. వెంట వస్తే గట్టిగా అరవండి, చేతులెత్తి పెద్దగా కనపడండి. పార్కులో ఎలుగుబంటికీ ఎల్క్‌కీ 50 గజాల దూరం పాటించడం చట్టం. ఫొటో కోసం దగ్గరికెళ్తే జరిమానా, జైలు రెండూ ఉన్నాయి. వాట్సాప్‌లో తిరిగే వీడియోలు చూసి పిల్లలు దాన్ని పెంపుడు జంతువు అనుకుంటారు, కాబట్టి బయలుదేరే ముందే వాళ్ళకి వివరంగా చెప్పండి.

చేరే రోజు

చెక్ ఇన్ సాధారణంగా సాయంత్రం 4 గంటలకి. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయలుదేరితే చేరేసరికి రాత్రి 10 దాటుతుంది, కొత్త ఘాట్ రోడ్డు చీకట్లో ఎక్కాలి. వీలైతే సగం రోజు సెలవు పెట్టి వెలుగుండగా చేరండి. తలుపు కోడ్, కేబిన్ దారి వివరాలు, ఓనర్ నంబరు స్క్రీన్‌షాట్ తీసి అన్ని కార్లవాళ్ళకీ పంపండి, మ్యాపు ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి. పైకి వెళ్ళేకొద్దీ సిగ్నల్ ఉండదు. మ్యాపు ఒక దారి, కంపెనీ పంపిన కాగితం ఇంకో దారి చెప్తే కాగితాన్నే నమ్మండి. మ్యాపుకి దగ్గర దారే తెలుసు, వాలు సంగతి తెలీదు.

ఐ-40 మీద ఎగ్జిట్ 407 దగ్గర ట్రాఫిక్ చాలాసేపు ఆగుతుంది. దానికి ముందే పెట్రోలు, బాత్రూము ముగించుకోండి. దిగేటప్పుడు గేర్‌ని తక్కువలో పెట్టండి, బ్రేకు మీదే కాలు ఆనించి దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు వదులుతాయి. తిరుమల ఘాట్‌లో కారు నడిపినవాళ్ళకి ఇది కొత్త కాదు.

పార్కులో రోజులు

లోపలికి వెళ్ళడానికి టికెట్ లేదు. టెనెసీ రాష్ట్రం న్యూఫౌండ్ గ్యాప్ రోడ్డుని కేంద్రానికి అప్పగించేటప్పుడు దాని మీద టోల్ వసూలు చేయకూడదని షరతు పెట్టింది, ఆ మాట ఇప్పటికీ నిలిచింది. అయితే 2023 మార్చి నుంచి 15 నిమిషాలకి మించి కారు ఆపితే పార్కింగ్ ట్యాగ్ ఉండాలి: రోజుకి 5 డాలర్లు, వారానికి 15, ఏడాదికి 40. కారుకి ఒకటి చొప్పున కావాలి. ఫోన్‌లో చూపిస్తే చెల్లదు, ప్రింట్ తీసి అద్దం దగ్గర పెట్టాలి. నేషనల్ పార్కుల వార్షిక పాస్ ఉన్నా ఇది వేరుగా కొనాల్సిందే. ట్యాగ్ ఉన్నంత మాత్రాన పార్కింగ్ చోటు దొరుకుతుందని హామీ లేదు, అది ముందొచ్చిన వాళ్ళకే.

లోపల పెట్రోలు బంకు లేదు, హోటలు లేదు. ట్యాంకు నింపుకుని, పెరుగన్నం, పులిహోర, నీళ్ళు పెట్టుకుని ఉదయం 8 లోపు లోపలుండండి. మలుపులకి వాంతులయ్యే పిల్లలకి పొద్దున పాలు పట్టకండి.

ఒక రోజు న్యూఫౌండ్ గ్యాప్ రోడ్డుకి ఇవ్వండి. 5,046 అడుగుల దగ్గర రెండు రాష్ట్రాల గీత మీద నిలబడొచ్చు. 1934లో ఏర్పడిన ఈ పార్కుని 1940లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ అంకితం చేసింది అక్కడే. అక్కడి నుంచి కువోహి రోడ్డు పైకి వెళ్తుంది, డిసెంబరు నుంచి మార్చి దాకా దాన్ని మూసేస్తారు. పార్కింగ్ నుంచి శిఖరం మీది టవర్ దాకా అర మైలే, తారు దారే, కానీ బాగా నిటారు. పెద్దవాళ్ళకి ఇష్టమైతే బెంచీల మీద ఆగుతూ ఎక్కించండి, లేకపోతే పార్కింగ్ దగ్గరి నుంచే కొండలు బాగా కనిపిస్తాయి. వీల్‌చైర్, స్ట్రోలర్ ఉంటే గాట్లిన్‌బర్గ్ వైపున్న షుగర్‌ల్యాండ్స్ దగ్గర అర మైలు చదును దారి ఒకటి ఏటి పక్కనే చుట్టి వస్తుంది.

ఇంకో రోజు కేడ్స్ కోవ్‌కి. 11 మైళ్ళ వన్‌వే చుట్టు, పాత చర్చీలు, చెక్క ఇళ్ళు, పచ్చికలో జింకలు. ఒకసారి లోపలికి వెళ్ళాక రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది, కాబట్టి మొదట్లోనే పిల్లల్ని బాత్రూముకి తీసుకెళ్ళండి. మే నుంచి సెప్టెంబరు దాకా బుధవారాలు అక్కడ కార్లకి ప్రవేశం లేదు, నడకకీ సైకిళ్ళకీ మాత్రమే. సైకిలు తొక్కే పిల్లలున్నవాళ్ళు ట్రిప్పుని ఆ బుధవారం చుట్టూ అల్లుకోవచ్చు.

జలపాతం కావాలంటే గ్రాటో ఫాల్స్‌కి వెళ్ళండి. వెళ్ళడానికి మైలున్నర లోపు నడక, నీటి వెనక నుంచే దారి పోతుంది. రాళ్ళ మీద నాచు ఉంటుంది. చెప్పులు, క్రాక్స్ వద్దు, పట్టున్న బూట్లు వేయించండి, పిల్లల్ని రాళ్ళెక్కనివ్వకండి. ట్రయిల్స్ అప్పుడప్పుడు మరమ్మత్తులకి నెలల తరబడి మూస్తారు, ముందురోజు రాత్రి పార్కు వెబ్‌సైటులో మూసివేతల పేజీ చూసి ఖాయం చేసుకోండి.

పిల్లలు పెద్దవాళ్ళై, నడక ఇష్టమైన స్నేహితులతో వెళ్తుంటే మౌంట్ లెకాంట్ లాడ్జి గురించి ఆలోచించండి. దానికి రోడ్డు లేదు. దగ్గరి దారైన ఆలమ్ కేవ్ ట్రయిల్ మీద కూడా సుమారు అయిదు మైళ్ళు ఎక్కాలి. సరుకులు లామాల (ఒంటె జాతి జంతువులు) మీద పైకి వస్తాయి. గదుల్లో కరెంటు లేదు, కిరోసిన్ దీపాలే. మార్చి చివరి నుంచి నవంబరు దాకా తెరిచి ఉంటుంది, మరుసటి ఏడాది బుకింగులు అక్టోబరులో తెరవగానే అయిపోతాయి. భోజనం వాళ్ళే పెడతారు. శాకాహారులైతే బుకింగ్ అప్పుడే చెప్పుకోవాలి.

ఖాళీ చేసే రోజు

చెక్ అవుట్ ఎక్కువగా ఉదయం 10కే. నాలుగు కుటుంబాల స్నానాలు, టిఫిన్లు, సర్దుళ్ళు ఒక్క పూటలో కావు. ముందురోజు రాత్రే కూలర్లు, కుక్కర్లు సర్దేసుకుని పొద్దున కాఫీ, బ్రెడ్డుతో కానివ్వండి. ఒకళ్ళు చెత్త, ఒకళ్ళు ఫ్రిజ్, ఒకళ్ళు మంచాల కింద ఛార్జర్లు, బొమ్మలు చూసేలా పనులు పంచుకోండి. గిన్నెలు డిష్‌వాషర్‌లో వేసి, గ్రిల్ గ్యాస్ కట్టేసి, గదులన్నీ ఒకసారి వీడియో తీసి పెట్టుకోండి. తర్వాత ఏదో పాడైందని ఛార్జి వేస్తే అదే మీ సాక్ష్యం. ఆదివారం మధ్యాహ్నం 407 మళ్ళీ నిండిపోతుంది కాబట్టి, కేబిన్ తాళం వేయగానే తిన్నగా హైవే ఎక్కేసి, అట్లాంటా, నాష్‌విల్ వాళ్ళయితే భోజనానికి నాక్స్‌విల్ దాటాక ఆగండి.